ఇల్లంతా ఒకే బీజ్ రంగు: ఏళ్ల వాడకం తర్వాత

హాలు, వంటగది, నడవా, పడకగదులు అన్నిటికీ ఒకే లేత గోధుమ వన్నె వేయించుకున్నాను. రంగు వేయించిన వారానికే రాసే సమీక్షలకు నేనంత విలువ ఇవ్వను. కొత్త పూత మీద ఏ రంగైనా బాగానే ఉంటుంది. కుర్చీలు రాసుకుని, చేతులు తగిలి, బల్బులు, కర్టెన్లు, సోఫా అన్నీ మారిపోయాక కూడా ఆ రంగు ఇంట్లో ఇమిడిపోతుందా అన్నదే అసలు పరీక్ష. నా బీజ్ ఆ పరీక్షలో నెగ్గింది, కానీ అన్ని గదుల్లోనూ ఒకేలా కాదు.

ముందు అంకె సంగతి. చాలా కంపెనీల రంగుల కార్డుల మీద ఎల్.ఆర్.వి. అనే ఒక కొలత ఉంటుంది. గోడ తన మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిప్పి పంపుతుందో అది చెబుతుంది. 0 అంటే వెలుతురంతా మింగేసే నలుపు, 100 అంటే అంతా తిప్పికొట్టే తెలుపు. ఇల్లంతా వేసుకునే బీజ్‌లు ఎక్కువగా 55 నుంచి 70 మధ్యలో ఉంటాయి. చాలామందికి పరిచయమైన, అమెరికా రంగుల కంపెనీ షెర్విన్-విలియమ్స్ వారి యాక్సెసిబుల్ బీజ్ 58. నాది 60 దాటింది. ఇన్నాళ్ల అనుభవంతో చెప్పాలంటే, ఇల్లంతా ఒకే రంగు అనుకున్నప్పుడు 60కి అటూ ఇటూ ఉండటమే మేలు. అంతకంటే బాగా ముదిరితే కిటికీలు తక్కువున్న నడవా మసకబారుతుంది. 70 దాటితే ఎండ పడే గదిలో అది బీజ్‌లా కాకుండా పాతబడిన తెలుపులా కనిపిస్తుంది.

ఆ అంకె వెలుతురు గురించే చెబుతుంది, ఛాయ గురించి కాదు. తెల్లటి టైటానియం డయాక్సైడ్ బేస్‌లో పసుపు ఐరన్ ఆక్సైడ్, ఎరుపు ఐరన్ ఆక్సైడ్ అనే ఇనుప తుప్పు జాతి రంగు పొడులు, చిటికెడు నలుపు కలిస్తే దాదాపు ఈ రంగు వస్తుంది. ఎరుపు కాస్త ఎక్కువైతే గులాబీ వైపు, పసుపు ఎక్కువైతే వెన్న వైపు మొగ్గుతుంది. పసుపుకు నలుపు తోడైతే ఆకుపచ్చ తొంగి చూస్తుంది. కార్డు మీది చిన్న చదరంలో ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. నాలుగు బీజ్‌లను పక్కపక్కన పెట్టి, వాటి వెనక తెల్ల కాగితం ఉంచి చూస్తే దేని గుణం ఏమిటో బయటపడుతుంది. నేను ఎంచుకున్నది పసుపు వైపు మొగ్గి, బూడిద ఛాయ కాస్త అణిచి పెట్టిన రకం. ఐరన్ ఆక్సైడ్‌లు ఎండకు సులువుగా వెలిసే రంగులు కావు. కిటికీ పక్కన ఏళ్ల తరబడి వేలాడిన ఫొటో ఫ్రేము తీసి, గోడ తుడిచి చూస్తే, దాని వెనక భాగానికీ చుట్టూ ఉన్న గోడకూ తేడా పట్టుకోలేకపోయాను. ఇదే చోట మంచి ఎరుపో ముదురు నీలమో వేసి ఉంటే ఇంత ధీమాగా చెప్పేవాణ్ణి కాదు.

ఒకే డబ్బాలోని రంగు ఏ రెండు గదుల్లోనూ ఒకేలా ఉండదు. నేరుగా ఎండ పడని గదిలోకి వచ్చేది ఆకాశపు వెలుతురు, అందులో నీలం పాలు ఎక్కువ. ఆ గదిలో నా బీజ్ చల్లబడి, దాదాపు పలచని బూడిద రంగులా కనిపిస్తుంది. నాకు అది నచ్చింది. గులాబీ వైపు మొగ్గే బీజ్ అయితే ఇలాంటి గదిలో వాడిపోయిన ఊదా తళుకు చూపిస్తుంది, అది అందరికీ నచ్చేది కాదు. సాయంత్రపు ఎండ వాలే గదిలో ఇదే గోడ ఆ కాసేపు నారింజ రంగుకు తిరుగుతుంది. కిటికీ బయట దట్టమైన చెట్టు ఉన్న పడకగది ఇంకో కథ. ఆకుల మీద పడి వచ్చే వెలుతురు మధ్యాహ్నమంతా గోడకు పచ్చదనం పూస్తుంది. నేల కూడా ఊరుకోదు. ఎర్రటి నేల ఉన్న చోట గోడ కింది సగం ఎర్రబారుతుంది, పైసగం మామూలుగా ఉంటుంది. తెలుపు వేసినా ఇవన్నీ జరుగుతాయి, కానీ తెలుపు మీద అది నీడలా కనిపిస్తే బీజ్ మీద రంగు మారినట్టే కనిపిస్తుంది.

అందుకే నమూనాను నేరుగా గోడకు పూయడం కన్నా పెద్ద అట్టకు రెండు పూతలు వేసి, గది గదికీ తిప్పి, పగలూ రాత్రీ చూడటం మంచిది. పాత గోడ మీద చిన్న ముక్క పూస్తే చుట్టూ ఉన్న పాత రంగు కంటిని పక్కదారి పట్టిస్తుంది. ఇంకో మాట, నీళ్లతో పలచన చేసే రంగులు తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి ఆరాక కాస్త ముదురుతాయి. రోలర్ దిగగానే తీర్పు చెప్పేవాళ్లు ఇంట్లో ఒకరుంటారు. వాళ్లను గోడ ఆరేదాకా ఆపాలి.

రాత్రి విషయానికి వస్తే, గోడ రంగును నిర్ణయించేది బల్బు. ఈ సంగతి నేను ఎంత చెప్పినా తక్కువే. బల్బు వెలుతురు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు వైపు, పెరిగితే నీలం కలిసిన తెలుపు వైపు. 2700 కెల్విన్ బల్బు కింద ఈ బీజ్ నిండుగా, వెచ్చగా ఉంటుంది, గదిలో కూర్చోబుద్ధవుతుంది. 4000 దగ్గర అది తటస్థంగా మారుతుంది, వంటగదికి సరిపోతుంది. 6500 కెల్విన్ తెల్లబల్బు పెడితే మాత్రం వెచ్చదనమంతా ఎగిరిపోయి సిమెంటు పూసిన గోడలా పాలిపోతుంది. ఎన్నో ఇళ్లలో బీజ్ బాగాలేదని తిట్టుకునేది నిజానికి ఈ బల్బునే అని నా గట్టి అనుమానం. బల్బు పెట్టె మీద సి.ఆర్.ఐ. అంకె కూడా చూడాలి. ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెబుతుంది, 100 అయితే పూర్తి సహజం. 80 దగ్గర ఉండే చవక ఎల్.ఈ.డీ.లు ముదురు ఎరుపును సరిగా చూపించవు. ఎరుపు ఆక్సైడ్ ఇచ్చే కొద్దిపాటి వెచ్చదనం మీదే నిలబడిన రంగుకు అది పెద్ద లోటు. 90 పైన ఉన్న బల్బులకు మారినప్పుడు గోడలకు కొత్త పూత వేయించారా అని అడిగినవారు ఉన్నారు. ఒకే గదిలో రెండు రకాల బల్బులు వెలిగితే గోడ రెండు రంగులుగా చీలిపోతుంది, కాబట్టి ఒక గదిలో ఒకే కెల్విన్ ఉంచుకోవడం తప్పనిసరి.

సామాను దగ్గర బీజ్‌కు ఒక బలహీనత ఉంది. పక్కన ఏది పెడితే దానికి ఎదురు రంగు వైపు జరిగిపోతుంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ 1839లోనే దీన్ని ఒక సూత్రంగా వివరించాడు. ఆయన పనిచేసిన గోబెలిన్స్ నేతశాలలో నలుపు అద్దకం సరిగా రావడం లేదని ఫిర్యాదులు వస్తే, తప్పు అద్దకానిది కాదనీ పక్కనున్న దారాల రంగులదనీ తేల్చాడు. నా ఇంట్లో నీలం సోఫా వచ్చాక దాని వెనక గోడ నారింజ వైపు జరిగింది. ఆకుపచ్చ కర్టెన్ల పక్కన గోడ గులాబీగా కనిపిస్తుంది. ఏ రంగు సామానుకైనా బీజ్ నప్పుతుందని అంటుంటారు. నప్పుతుంది, నిజమే, కానీ కదలకుండా ఉండదు. దానితో అసలు పొసగనిది నీలం ఛాయ ఉన్న కచ్చితమైన తెలుపు. తలుపు చట్రాలకూ సీలింగుకూ అలాంటి తెలుపు వేస్తే పక్కనున్న బీజ్ మురికి పట్టినట్టు ఉంటుంది. కాస్త పాల ఛాయ ఉన్న తెలుపు వేస్తే రెండూ కలిసిపోతాయి. తలుపులకు వేసిన నూనె ఎనామెల్ తెలుపు ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా వెలుతురు తక్కువున్న చోట, పసుపెక్కుతుంది. తెల్ల గోడ పక్కన అయితే అది కొట్టొచ్చినట్టు కనిపించేది, బీజ్ పక్కన కావాలనే అలా వేసినట్టు ఉంది. ఇది నేను ఊహించని లాభం.

విసుగు పుట్టదా అని అడుగుతారు. గోడ బీజ్, నేల బీజ్, సోఫా బీజ్, కర్టెన్ బీజ్ అయితే తప్పకుండా పుడుతుంది, అందులో గోడ తప్పేమీ లేదు. ముదురు కలప, గరుకు నేత, ఒకటి రెండు నల్లటి వస్తువులు ఉంటే ఈ రంగు వెనక్కి తగ్గి వాటికి చోటిస్తుంది. ఫోనులో మాత్రం ఈ ఇల్లు ఎప్పుడూ బాగా పడదు. కెమెరా తనంతట తాను రంగులు సరిచేస్తూ గోడను ఒకసారి బూడిదగా, ఇంకోసారి పసుపుగా చూపిస్తుంది. ఫొటోలు చూసి బీజ్ ఎంచుకోవద్దనడానికి ఇది చాలు.

ఒక్క గది విషయంలో మాత్రం నా అభిప్రాయం మారింది. కిటికీ లేని చిన్న గదికి లేత రంగు వేస్తే వెలుతురుగా ఉంటుందన్నది అర్ధసత్యం. 60 ఎల్.ఆర్.వి. గోడ తిప్పి పంపేది వచ్చిన వెలుతురులో అరవై శాతాన్ని, అసలు వచ్చేదే కొంచెమైతే తిప్పి పంపేదీ అంతంతమాత్రమే. పగలంతా ఆ గది దుమ్ము పట్టినట్టు ఉండేది. దానికి ముదురు ఆకుపచ్చ వేయించాక ఆ చీకటి లోటులా కాక స్వభావంలా అనిపిస్తోంది. మిగతా గదులన్నీ గుమ్మాల్లోంచి ఒకదానికొకటి కనిపిస్తాయి. అలా కనిపించే చోట ఒకే రంగు ఉండటం వల్ల ఇల్లు నిజంగానే పెద్దగా తోస్తుంది. చూపు గుమ్మం గుమ్మం దగ్గరా ఆగిపోదు.

ఇక ఈ నిర్ణయాన్ని నిలబెట్టింది అందం కన్నా నిర్వహణ. ఆ ఒక్క గది తప్ప ఇల్లంతటికీ ఒకటే రంగు కోడ్, ఒకటే డబ్బా. మేకు రంధ్రం పూడ్చినా, సామాను జరిపినప్పుడు గీత పడినా, ఏ రంగు ఏ గదిదో వెతుక్కునే పని లేదు. రంగు వేసే రోజున డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో కలిపేసుకోవాలి. ఒకే కోడ్ అయినా డబ్బా డబ్బాకూ రవ్వంత తేడా ఉంటుంది, గోడ మధ్యలో డబ్బా మారితే అది బయటపడుతుంది. మిగిలిన రంగును సగం ఖాళీగా ఉన్న పెద్ద డబ్బాలో వదిలేయకుండా, గాలి ఎక్కువ మిగలని చిన్న సీసాలో పోసి మూత బిగించి ఉంచితే చాలాకాలం పనికొస్తుంది. వేరే కంపెనీ యంత్రంలో ఇదే రంగు కలిపించుకోవచ్చు కదా అనుకోవద్దు. పిగ్మెంట్లు, అంటే రంగునిచ్చే పొడులు, వేరైతే దుకాణంలోని దీపాల కింద అచ్చంగా కలిసిన రెండు బీజ్‌లు ఇంట్లోని వెలుతురులో విడిపోతాయి.

మరకల విషయంలో తెలుపు కన్నా ఇది చాలా ఓపిక గలది. గోడ మీద దుమ్ము అంతగా కనిపించదు. స్విచ్ బోర్డుల చుట్టూ చేతి జిడ్డు మాత్రం ఏ లేత రంగునూ వదలదు. ఇక్కడ రంగు కన్నా మెరుపు ముఖ్యం. నేను అన్ని గోడలకూ మెరుపు లేని మ్యాట్ వేయించాను. చిన్న చిన్న దిద్దుబాట్లు మ్యాట్ మీద కలిసిపోయినంత బాగా ఇంకే రకం మీదా కలవవు, గోడ ఎగుడుదిగుడులను కూడా దాచిపెడుతుంది. కానీ నడవాలో పదే పదే రుద్ది తుడిచిన చోట నున్నబడి, పక్క నుంచి చూస్తే మెరిసే మచ్చలు పడ్డాయి. కాస్త మెరిసే సాటిన్ అయితే తుడుపుకు తట్టుకుంటుంది, దిద్దిన ప్రతి చోటూ మాత్రం పట్టిస్తుంది. తర్వాతి పూతకు కోడ్ మార్చను. నడవాకూ వంటగదికీ సాటిన్, మిగతా చోట్ల ఇదే మ్యాట్.