‘విన్నింగ్ టైమ్’ చూద్దామని ఏడాది ప్లాన్ కొంటున్నారా? కాస్త ఆగండి

లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు కథతో అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీఓ వాళ్లు తీసిన ‘విన్నింగ్ టైమ్’ సిరీస్ ఒక్కదాని కోసం ఏడాది సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలనుకుంటున్న బాస్కెట్‌బాల్ అభిమానులకు ఈ మాట చెప్పాలి. డబ్బు కట్టి మొదటి కొన్ని ఎపిసోడ్లు చూశాను. నచ్చినవీ ఉన్నాయి. 1979లో జెర్రీ బస్ లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టును కొనడం, అదే ఏడాది కుర్ర మేజిక్ జాన్సన్ అందులో చేరడం చకచకా సాగిపోతాయి. బస్‌గా జాన్ సి. రైలీ, మేజిక్‌గా క్విన్సీ ఐజయా ప్రాణం పెట్టి చేశారు. లేకర్స్ ఆటగాడు నార్మ్ నిక్సన్ పాత్రను ఆయన కొడుకే వేయడం భలే అనిపించింది. ఆట దగ్గరికొచ్చేసరికే చిరాకు. బంతి ఎవరి చేతికి వెళ్లిందో తెలిసేలోపు సీన్ మారిపోతుంది.

అసలు బాధ లేకర్స్ పాత స్టార్ ఆటగాడు జెర్రీ వెస్ట్ గురించి. ఓడిన జట్టులో ఉండి కూడా ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) అందుకున్న ఏకైక ఆటగాడు ఆయన, 1969లో. అలాంటి మనిషిని ఇందులో అస్తమానం అరుస్తూ, చేతికందింది విసిరేసేవాడిగా చూపించారు. 2022 ఏప్రిల్‌లో ఆయన లాయర్లు క్షమాపణ చెప్పాలంటూ లేఖ పంపారు. ఒక సినిమా షూటింగ్‌లో ఓ పిల్లాణ్ని తాను బూతు మాట అన్నట్టు చూపిన సీన్ అసలు జరగనేలేదని అప్పటి లేకర్స్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ కూడా రాశారు. ఇది డాక్యుమెంటరీ కాదన్నది హెచ్‌బీఓ జవాబు. మరి బతికున్నవాళ్ల అసలు పేర్లు ఎందుకు వాడుకున్నట్టు? లేకర్స్ గురించి మొదటిసారి తెలుసుకునేవాళ్లు ఇదంతా నిజమనే నమ్ముతారు. మొదటి ఎపిసోడ్‌లోనే నగ్న దృశ్యాలున్నాయి, ఇంట్లో పిల్లలతో కలిసి పెట్టుకోకండి.

ఇంకోటి, కథ పూర్తి కాదు. 2023లో రెండో సీజన్‌తోనే ఆపేశారు. 1984 ఫైనల్స్‌లో బోస్టన్ సెల్టిక్స్ జట్టు చేతిలో ఓటమి దగ్గర ముగించి, తర్వాతి సంగతులు తెర మీద అక్షరాల్లో వేశారు. మరుసటి ఏడాది లేకర్స్ బోస్టన్ గడ్డ మీదే సెల్టిక్స్‌ను ఓడించి కప్పు గెలిచింది. ఫైనల్స్‌లో ఆ జట్టుపై అదే వాళ్ల తొలి గెలుపు. అభిమాని ఎదురుచూసేది దానికోసమే, అదే లేదు!

నాకు ప్లాన్ అమ్మినవాళ్లు రిఫండ్ కుదరదన్నారు. చూడాలనే ఉంటే నెల ప్లాన్ ఉందేమో చూసి అదే తీసుకోండి. హెచ్‌బీఓ సిరీస్‌లు మన దగ్గర ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మారాయి కాబట్టి, కట్టేముందే అందులో ఇది ఉందో లేదో వెతకండి. యూపీఐతో కడితే ఆటోపే రద్దు చేయడం మర్చిపోకండి.