రబ్బరు హాట్ వాటర్ బ్యాగు: స్నేహితుల మధ్య చేతులు మారేటప్పుడు ఏం చూసుకోవాలి?

సెలవులైపోతాయి గానీ చలి పోదు. ఇల్లంతా మనుషులతో నిండి ఉన్నన్నాళ్లూ పట్టించుకోని చలి, అందరూ ఎవరి గదులకు వాళ్లు వెళ్లిపోయాక ఎముకల్లోకి దిగుతుంది. ఒకరికి నడుం పట్టేస్తుంది, ఒకరు జలుబుతో మంచం దిగరు, ఇంకొకరికి నెలసరి నొప్పి. అలాంటప్పుడు స్నేహితులు ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకెళ్లే వస్తువుల్లో నిజంగా అక్కరకొచ్చేది రెండు లీటర్ల రబ్బరు హాట్ వాటర్ బ్యాగు. కరెంటుతో వేడెక్కేవీ, నొక్కితే గట్టిపడి వేడినిచ్చే పొట్లాలూ, మైక్రోవేవ్‌లో పెట్టే గింజల సంచులూ ఉన్నాయి. వాటి సంగతీ చూద్దాం. తీర్పు మాత్రం ముందే చెప్పేస్తాను: ఒంటరిగా ఉన్న స్నేహితుడికి ఒక్కటే ఇవ్వాలంటే రబ్బరుదే ఇవ్వండి, కాకపోతే దాని వయసు తెలిసినప్పుడే ఇవ్వండి.

ఈ షరతుకు కారణం ఉంది. ఒకే మనిషి వాడే బ్యాగు గురించి ఆ మనిషికి తెలుసు: ఎప్పుడు కొన్నది, ఎన్నిసార్లు మరిగే నీళ్లు పోసింది, ఏ అటక మీద మడిచి పెట్టింది. నలుగురి మధ్య తిరిగే బ్యాగు చరిత్ర ఎవరికీ పూర్తిగా తెలియదు. రబ్బరు చూడ్డానికి బాగానే ఉంటూ లోలోపల ముసలిదైపోతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, నూనె, వేడి అన్నీ కలిసి దాన్ని పెళుసుగానో జిగురుగానో మారుస్తాయి. పగిలే రోజు వరకూ అది నీళ్లు పడుతూనే ఉంటుంది.

వయసు తెలుసుకునే దారి చాలా బ్యాగుల మీదే ఉంది. మెడ దగ్గరో, గరాటులా విచ్చుకున్న మూతి మీదో చిన్న పువ్వు గుర్తు అచ్చు పోసి ఉంటుంది. పువ్వు మధ్యలో రెండంకెలు తయారైన సంవత్సరం. 24 అని ఉంటే 2024. చుట్టూ ఉన్న 12 రేకులు నెలలు, రేకుల్లోని చుక్కలు వారాలు. చుక్కలున్న చివరి రేకు ఏదో లెక్కపెడితే నెల తెలుస్తుంది. రెండేళ్ల వాడకం దాటితే మార్చేయమన్నది తయారీదారులు సాధారణంగా ఇచ్చే సలహా, అది పాటించదగ్గదే. సెలవుల్లో కానుకగా వచ్చి, పెట్టె కూడా విప్పకుండా మరొకరికి వెళ్లే బ్యాగుల్ని తప్పకుండా చూడండి. కొత్తగా కనిపించే పెట్టెలో మూడేళ్ల నాటి రబ్బరు ఉండొచ్చు. సీజన్ చివర్లో తగ్గింపు మీద కొనేటప్పుడూ ఇదే చూడాలి. బ్రిటిష్ ప్రమాణం ప్రకారం చేసిన వాటి మీద బీఎస్ 1970 అని ఉంటుంది, అది ఆ ప్రమాణం నంబరు, తయారైన సంవత్సరం కాదు. గుర్తూ లేక, కొన్న తేదీ కూడా ఎవరికీ గుర్తులేని బ్యాగును ఇంకొకరికి ఇవ్వకండి.

తేదీ బాగున్నా చేత్తో ఓసారి పరీక్షించాలి. ఖాళీ బ్యాగును వెలుతురులో పట్టుకుని అతుకుల వెంబడి, మెడ మొదట్లో, మధ్య మడత దగ్గర రెండు వేళ్లతో వంచి చూడండి. వంపు మీద సన్నని గీతల్లా పగుళ్లు తెరుచుకుంటే దాని పని అయిపోయినట్టే. మడత దగ్గరే ఎందుకంటే, సాగి ఉన్న రబ్బరును ఓజోన్ తొందరగా కొరుకుతుంది. పోయిన చలికాలం అయ్యాక రెండుగా మడిచి డబ్బాలో కుక్కిన బ్యాగు ఏడాదంతా ఆ మడత మీద సాగే ఉంటుంది. పట్టుకుంటే వేళ్లకు జిగురంటినా పనికిరాదు. పైన తెల్లటి పొడి పేరుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు, రబ్బరులో కలిపిన పదార్థాలు అలా పైకి తేలుతుంటాయి. తుడిచి, కింద పగుళ్లున్నాయేమో చూస్తే చాలు.

మూత సంగతి వేరే చెప్పాలి, ఇచ్చిపుచ్చుకోవడాల్లో ముందు పోయేది అదే. ఒక బ్యాగు మూత ఇంకోదానికి పట్టినట్టే అనిపిస్తుంది, రెండు చుట్లు తిరుగుతుంది, బరువు పడగానే కారుతుంది. మరలు కంపెనీకొక రకం. మూత కింద ఉండే రబ్బరు వాషర్ చదునుగా అణిగిపోయినా, ఎండిపోయినా నీరు ఊరుతుంది. కారుతోంది కదా అని బలమంతా పెట్టి బిగిస్తే వాషర్ ఇంకా నలిగి మరింత కారుతుంది. చేత్తో బిగువు తగిలే దాకా తిప్పితే సరిపోవాలి. సరిపోకపోతే లోపం వాషర్‌దే.

ఇక నింపడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. కెటిల్‌లో కళపెళా మరిగిన నీళ్లను నేరుగా పోస్తారు. అది రబ్బరు ఆయుష్షును తగ్గిస్తుంది, చిందితే చేయి కాలుతుంది. తేలికైన పద్ధతి: ముందు 450 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు బ్యాగులో పోయండి. తర్వాత 900 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు నెమ్మదిగా పోయండి. ఒకటికి రెండు పాళ్లు, అంతే. వేడి 70 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు వస్తుంది, థర్మామీటరు అక్కర్లేదు. చల్లనీళ్లు ముందే ఉంటాయి కాబట్టి మరిగే నీళ్లు ఒట్టి రబ్బరును తాకవు. మొత్తం 1.35 లీటర్లు, అంటే మూడింట రెండు వంతులు. అంతకు మించి నింపితే బ్యాగు ఒంటికి వంగదు, రాయిలా నిలబడుతుంది.

పోసేటప్పుడు బ్యాగును మెడ దగ్గర నిటారుగా పట్టుకుని, అడుగు సింకులో ఆనేలా ఉంచండి. మధ్యలో పట్టుకుంటే చేతి ఒత్తిడికి నీళ్లు ఎగదన్నుతాయి. గలగలమని పోస్తే లోపలి గాలి బయటికి రాలేక బుడగలుగా తన్నుకొస్తుంది, దాంతోపాటు వేడినీళ్లూ వస్తాయి. సన్నని ధారగా పోయండి. నిండాక బ్యాగును బల్ల మీద మెల్లగా పడుకోబెట్టి, మూతి మాత్రం పైకెత్తి ఉంచి, నీరు మూతి అంచు దగ్గర కనిపించేదాకా గాలి వదలండి. అప్పుడు మూత బిగించండి. గాలి మిగిలితే బ్యాగు ఉబ్బుగా ఉండి ఒంటికి అతుక్కోదు, పైగా ఎవరైనా ఒత్తినప్పుడు ఆ ఒత్తిడంతా అతుకుల మీద పడుతుంది. చివరగా సింకు మీద తలకిందులు చేసి కొన్ని సెకన్లు పట్టుకోండి. ఒక్క చుక్క రాలినా దుప్పట్లోకి వెళ్లకూడదు. బయట తడి తుడిచి, తొడుగు వేయండి.

తొడుగు లేకుండా ఇవ్వడం అసలు ఇవ్వకపోవడం కన్నా చెడ్డది. 60 డిగ్రీల వేడి కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుందని అందరికీ అర్థమవుతుంది. అర్థం కానిది తక్కువ వేడి సంగతి: 44 డిగ్రీలు చేతికి హాయిగానే ఉంటాయి, కానీ అదే వేడి ఒకే చోట ఆరేడు గంటలు ఆనుకుని ఉంటే చర్మం కాలుతుంది. నిద్రలో జరిగేది సరిగ్గా ఇదే. అందుకే పడుకునే ముందు పక్కను వేడి చేసుకుని, నిద్ర ముంచుకొచ్చేసరికి బ్యాగును తీసి పక్కన పెట్టేయడం మంచి పద్ధతి. నడుం నొప్పికైతే 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, తీసి, చర్మం చూసుకుని, మళ్లీ పెట్టుకోవాలి. దాని మీద పడుకోకూడదు, కూర్చోకూడదు. ఒంటి మీద అది ఉండాలి గానీ దాని మీద ఒళ్లు ఉండకూడదు. రోజుల తరబడి ఒకే చోట కాపడం పెడితే చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చ పడుతుంది. అది కనబడితే కొన్నాళ్లు ఆపేయాలి.

నొప్పి బామ్ రాసుకుని దాని మీద ఈ బ్యాగు పెట్టుకోవడం చాలామందికి అలవాటు. దయచేసి మాన్పించండి. బామ్ రాసిన చోట వేడి తగిలితే చర్మం పొక్కులెక్కే ప్రమాదం ఉంది, అందులోని నూనె రబ్బరునూ తినేస్తుంది. అలాగే మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకూ, నిద్రమాత్ర వేసుకున్నవాళ్లకూ, మద్యం తాగినవాళ్లకూ ఇచ్చి వదిలేయకూడదు, వాళ్లకు కాలుతున్న సంగతి తెలియదు. పసిపిల్లల పక్కలో పెట్టనే కూడదు. అప్పుడే బెణికి వాచిన చీలమండకు మొదటి రెండు రోజులూ వేడి వద్దు. జ్వరంతో పాటు పొట్టలో కుడివైపు కింద పొడుస్తున్న నొప్పి ఉంటే ఆ స్నేహితుణ్ణి తీసుకెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కూడా ఇదే ఎందుకు మేలంటున్నానంటే, ఇందులో పట్టే వేడి లెక్క వేరు. 1.35 లీటర్ల నీళ్లు 70 నుంచి 40 డిగ్రీలకు దిగేలోపు 170 కిలోజౌళ్ల దాకా వేడినిస్తాయి, అంటే 100 వాట్ల బల్బు దాదాపు అరగంట వెలిగేంత శక్తి. దాన్ని గదికి కాకుండా నేరుగా ఒంటికి ఇస్తుంది. దుప్పటి కింద, తొడుగుతో, గంటల తరబడి వెచ్చగా ఉంటుంది.

నొక్కితే వేడెక్కే పొట్లాల్లో ఉండేది సోడియం అసిటేట్. లోపలి లోహపు బిళ్లను చిటుక్కుమనిపిస్తే ద్రవం గట్టిపడుతూ 50 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. 100 గ్రాముల పొట్లం ఇచ్చే వేడి రబ్బరు బ్యాగు ఇచ్చేదాంట్లో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. పొద్దున్నే బయటికి వెళ్లే స్నేహితురాలి జేబులో చేతులకు బాగుంటుంది, నడుముకు చాలదు. మళ్లీ వాడాలంటే గుడ్డలో చుట్టి మరిగే నీళ్లలో ఉంచి, లోపల ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగించాలి. ఒక్కటి మిగిలినా చల్లారగానే తనంతట తానే గట్టిపడిపోతుంది. పాడైందని పారేసే పొట్లాల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇదే.

గింజల సంచి సువాసనగా, మెత్తగా ఉంటుంది గానీ, పూర్తిగా చల్లారకుండా మళ్లీమళ్లీ వేడి చేస్తే లోపలి గింజలు మాడి నిప్పంటుకోవచ్చు. దుప్పటి కింద పెట్టకూడదు. నలుగురి మధ్య తిప్పడానికి నాకు నచ్చదు.

కరెంటు బ్యాగుకు మాత్రం ఒక చోట మార్కులు వేయాలి. చేతులు వణికేవాళ్లకూ, కెటిల్ ఎత్తలేనివాళ్లకూ నీళ్లు పోసే పని తప్పుతుంది. పది నిమిషాల్లోపే వేడెక్కి దానంతట అదే ఆగుతుంది. కానీ ప్లగ్గులో ఉండగా ఒంటి మీద పెట్టుకోకూడదు, తొడుగు తడిగా ఉంటే ప్లగ్గులో పెట్టకూడదు. వేడెక్కేటప్పుడు కొంచెం ఉబ్బడం మామూలే, చల్లారాక కూడా ఉబ్బు తగ్గకపోతే పారేయాలి. ఇంకొకరి దగ్గర్నుంచి వచ్చింది అసలు ఛార్జరుతో సహా వస్తేనే తీసుకోండి. ఛార్జరు మారితే దాని ఆటో కటాఫ్‌ను నమ్మలేం.

జ్వరంతో ఒంటరిగా పడుకున్నవాళ్లకు బ్యాగు ఇచ్చి గుమ్మం దగ్గర్నుంచే వెళ్లిపోకండి. నింపడమే అందులో ప్రమాదకరమైన పని, కళ్లు తిరుగుతున్న మనిషి మరిగే నీళ్లు పోయకూడదు. మొదటిసారి మీరే నింపి, తొడుగు వేసి, కెటిల్‌ను దూరంగా పెట్టి రండి. సాయంత్రం మళ్లీ ఎవరు వచ్చి నింపుతారో ముందే అనుకుంటే మరీ మంచిది. ఒకవేళ ఎవరికైనా కాలితే తడిసిన బట్టలు తీసేసి, కుళాయి కింద చల్లటి పారే నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు పెట్టకూడదు. పొక్కులు లేచినా, కాలిన చోటు అరచేతిని మించినా ఆసుపత్రికి.

తిరిగొచ్చాక తొడుగు ఉతకాలి, ముఖ్యంగా జలుబు ఉన్నవాళ్లు వాడితే. బ్యాగును సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, మూత తీసి, మూతి కిందికి ఉండేలా వేలాడదీయండి. లోపల పూర్తిగా ఆరాక కొద్దిగా గాలి ఊది, గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా, మడవకుండా, మీద బరువు పెట్టకుండా, వెలుతురు తగలని చోట ఉంచండి. కొన్న నెల, సంవత్సరం రాసిన చిన్న చీటీని, మూతను కూడా, ఒకే దారంతో మెడకు కట్టేస్తే తర్వాత తీసుకెళ్లేవాళ్లు మిమ్మల్ని అడగాల్సిన పని ఉండదు.