అల్యూమినియం మాస్ట్: వెల్డింగ్‌కు నిండు మార్కులు, బెజ్జాలకు కోత

తొమ్మిది మీటర్ల ఫైబర్‌గ్లాస్ చేపల బోటుకు ఆర్డరు మీద చేయించిన మాస్ట్ ఇది. క్యాబిన్ కప్పు మీద నిలబడి రాడార్, జీపీఎస్, వీహెచ్‌ఎఫ్ (రేడియో) యాంటెన్నాలు, దీపాలు మోయాలి. కప్పు నుంచి ఎత్తు 1.8 మీటర్లు. ముందు రెండు నిలువు పైపులు, వెనక నుంచి ఆనించిన రెండు ఏటవాలు కాళ్లు, రెండు అడ్డపైపులు, పైన రాడార్ కూర్చునే పళ్లెం. చేసిన వర్క్‌షాప్ పేరు చెప్పడం లేదు. ఇందులోని లోపాలు అలాంటి ఏ షాపులోనైనా దొర్లేవే.

సరుకు ఎంపికలో వంక పెట్టడానికి లేదు. నిలువు పైపులు 6061-టీ6 (వేడితో గట్టిపరచిన అల్యూమినియం మిశ్రమం), రెండంగుళాల షెడ్యూల్ 40. అంటే బయటి వ్యాసం 60.3 మి.మీ., గోడ మందం 3.9 మి.మీ. కాళ్లు, అడ్డపైపులు 42 మి.మీ. పైపు. కింది ప్లేట్లు 10 మి.మీ., పళ్లెం 6 మి.మీ., రెండూ 5083 అనే మరో అల్యూమినియం రకం. మొత్తం బరువు 17 కిలోలకు అటూఇటూ. ఇవే కొలతలతో ఉక్కులో చేస్తే 50 కిలోలు దాటదు గానీ దాని దగ్గరికి వస్తుంది. కప్పు పైన అంత బరువు తగ్గితే అలల్లో బోటు ఒరిగి లేచే తీరే మారుతుంది.

వెల్డింగ్ ఏసీ టిగ్ (టంగ్‌స్టన్ మొనతో చేసేది), ఆర్గాన్ గ్యాస్, అతుకులో కరిగించి నింపడానికి 5356 రకం కడ్డీ. అతుకు వరసలు జడ అల్లినట్టు సమంగా ఉన్నాయి, అయితే అందం చూసి మార్కులు వేయలేదు. డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు) పూసి చూస్తే వరస ముగిసే చోట గుంటలో పగులు కనబడలేదు. అల్యూమినియంలో మొదట చీలేది అక్కడే: కరెంటు ఒక్కసారిగా ఆపేస్తే గుంట నిండకుండా చల్లారి నక్షత్రంలా పగులుతుంది. అతుకుల పక్కన మసి, సూది బెజ్జాల గుంపులు కూడా లేవు. అంటే ముందు అసిటోన్‌తో నూనె తుడిచి, ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ బ్రష్ పట్టారన్నమాట. ఈ క్రమం తిరగేస్తే బ్రష్షే నూనెను లోహంలోకి రుద్దుతుంది, దాని నుంచి వచ్చే హైడ్రోజన్ అతుకులో బుడగలుగా మిగులుతుంది.

ఒక్కచోట మాత్రం దొరికిపోయారు. వెనక కాలు పైమూత దగ్గర, వరస ముగిసిన చోటే, సూదిమొనంత బెజ్జం. రెండు చివరలూ మూసిన పైపులో గాలికి దారి లేకపోతే, వేడికి వ్యాకోచించి చివరి అంగుళంలో కరిగిన లోహాన్ని ఊదేస్తుంది. ముందుగా కింద 6 మి.మీ. బెజ్జం పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు, తర్వాత నీళ్లు కారడానికీ అదే పనికొచ్చేది. నిలువు పైపులకు ఆ బెజ్జం ఉంది, కాళ్లకు మర్చిపోయారు. ఆ సూది బెజ్జంలోంచి దిగిన ఉప్పునీరు బయటికి పోయే దారిలేక కాలు అడుగున నిలిచి లోహాన్ని తింటుంది.

అసలు తప్పు కేబుల్ బెజ్జం. 6061-టీ6 బలం 310 మెగాపాస్కల్ అని కాగితం మీద ఉంటుంది. వెల్డింగ్ వేడి తగిలాక, అతుకుకు ఇరువైపులా దాదాపు 25 మి.మీ. మేర, లెక్కకు 165 దగ్గరే తీసుకోవాలి. బోటు ఊగినప్పుడు వంపు ఎక్కువగా పడేదీ పాదం దగ్గరే. సరిగ్గా అక్కడ, కింది ప్లేటుకు కాస్త పైన, 25 మి.మీ. డ్రిల్లుతో బెజ్జం వేసేశారు. పగులు మొదలవ్వాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు. కేబుల్‌ను ప్లేటు మధ్య నుంచి నేరుగా కప్పులోకి దించాలి. కుదరకపోతే గస్సెట్ (పాదం మూలను బలపరచే త్రికోణపు ప్లేటు) కొనకు కనీసం 100 మి.మీ. పైన బెజ్జం పెట్టి, అంచులను ఆకురాయితో నున్నగా రాసి, రబ్బరు గ్రోమెట్ (రింగు) తొడగాలి. ఇక్కడ అంచు పదునుగా అలాగే ఉంది, ఇంజిన్ అదురుకు కేబుల్ పైతొడుగు కోసుకుపోతుంది. పైపు లోపల కేబుల్ లాగే తాడు వదిలి ఇచ్చారు, అది మాత్రం మెచ్చుకోవాల్సిన పని.

రాడార్ పళ్లెం పైపులకు లంబంగా ఉంది. నెమ్మదిగా నడిచే బోటుకు ఇది చాలు. వేగంలో ముక్కు పైకెత్తే బోటైతే, ఆ ఎత్తు ఎన్ని డిగ్రీలో అన్ని డిగ్రీల చీలిక ముక్క వెనకవైపు పెట్టి పళ్లాన్ని ముందుకు వంచాలి. చిన్న రాడార్ల పుంజం నిలువుగా సుమారు 25 డిగ్రీలు. అంటే మీటరు దూరంలో మధ్యగీతకు 22 సెం.మీ. పైకీ అంతే కిందికీ పరుచుకుంటుంది. పుట్టగొడుగులా ఉండే జీపీఎస్ యాంటెన్నాను ఆ మేర బయట పెట్టడానికి అడ్డపైపు మీద చోటు ఉంది. రాడార్ కోసం ఎత్తు పెంచమని అడగక్కర్లేదు. నీటికి 4 మీటర్ల ఎత్తున రాడార్ క్షితిజం (నీటి మీద అది చూడగలిగే హద్దు) 4.4 నాటికల్ మైళ్లు, 5 మీటర్లకు 4.9.

ఎత్తు కావలసింది దీపాలకు. సముద్రంలో ఢీకొట్టుకోకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమాల ప్రకారం, ట్రాల్ వల లాగేటప్పుడు పచ్చ దీపం కింద తెల్ల దీపం, ఇతర వేటలో ఎర్ర దీపం కింద తెల్ల దీపం ఉండాలి. 20 మీటర్లలోపు బోటుకు రెండింటి మధ్య కనీసం మీటరు దూరం కావాలి. కిందిది పక్క దీపాలకంటే ఆ దూరానికి రెట్టింపు ఎత్తున ఉండాలి. పక్క దీపాలు కప్పుకు అర మీటరు కింద ఉన్న ఈ బోటులో లెక్క వేస్తే కింది దీపం కప్పు నుంచి 1.5 మీటర్లు, పైది 2.5 మీటర్లు. మాస్ట్ 1.8 దగ్గర ఆగిపోయింది కాబట్టి బ్రాకెట్లను 60 సెం.మీ. దూరంలో సర్దేశారు. అది చెల్లదు. పైన 80 సెం.మీ. ఊడదీసే కడ్డీ ఒకటి కావాలి.

కింది దీపం నిలువు పైపుకు 30 సెం.మీ. వెనక ఉంది. అక్కడ 60 మి.మీ. పైపు 11 డిగ్రీల మేర వెలుతురును అడ్డుకుంటుంది. నియమం ఒప్పుకొనేది 6 డిగ్రీలే. దీపం పైపుకు 58 సెం.మీ. దూరానికి జరగాలి. అంత పొడుగు బ్రాకెట్ అదిరిపోతుంది అనుకుంటే, తెరలు కట్టిన రెండు దీపాలను ఒక మైలు దూరానికి ఒక్కటిగా కనబడేలా పెట్టుకోవచ్చు.

బిగింపు సామగ్రి అరకొరగా ఇచ్చారు. 316 స్టెయిన్‌లెస్ బోల్టులు, స్టీలు వాషర్లు, అంతే. అల్యూమినియానికీ స్టీలుకూ మధ్య నైలాన్ బుష్, వాషరు, మరలకు డ్యూరలాక్ లాంటి పేస్టు లేకపోతే ఉప్పునీటి తడికి తెల్లపొడి రాలడం మొదలవుతుంది, తర్వాత బోల్టు ఊడిరాదు. ప్లేటు కింద 3 మి.మీ. ప్లాస్టిక్ షీటు, కప్పు లోపలివైపు ఆనుడు ప్లేటు ఎవరికి వాళ్లు సమకూర్చుకోవాల్సిందే. కప్పు పొరల మధ్య బాల్సా (తేలికైన) కలప ఉంటే బెజ్జం పెద్దగా వేసి, ఎపాక్సీ నింపి, ఆరాక బోల్టుకు సరిపడా మళ్లీ బెజ్జం వేయాలి.

పౌడర్ కోటింగ్ వేస్తామన్నా వద్దనడమే మంచిది, కనీసం బెజ్జాలన్నీ పూర్తయ్యేదాకా. పూత మీద డ్రిల్లు దిగిన ప్రతిచోటా అంచు నుంచి తేమ పాకి పొర లేస్తుంది. ఒట్టి అల్యూమినియం మసకబారుతుంది, పాడవదు.

అదురు పరీక్ష పరికరాలన్నీ ఎక్కించాకే చేయాలి, బరువు మారితే అదిరే వేగమూ మారుతుంది. ఇంజిన్‌ను ఐడిల్ నుంచి నిండు వేగం దాకా నెమ్మదిగా పెంచుతూ అడ్డపైపు మీద చేయి ఉంచితే తెలుస్తుంది. ఇందులో కాళ్లు నిలువు పైపులను మూడింట రెండొంతుల ఎత్తులో పట్టుకున్నాయి కాబట్టి ఏ వేగంలోనూ విడిగా ఊగలేదు. వీహెచ్‌ఎఫ్ బ్రాకెట్ ఒక్కటే చప్పుడు చేసింది, దానికి మరో బోల్టు చాలు.