ముగ్గురాయి మిల్లుకు అల్యూమినా గుండ్లా, జిర్కోనియా గుండ్లా?

మిల్లు డ్రమ్ములో దొర్లి రాయిని పొడిచేసేవి గుండ్లు. అల్యూమినా, జిర్కోనియా రెండూ సిరామిక్ రకాలే. మంగంపేట గనుల బూడిదరంగు ముగ్గురాయిని (బెరైటీస్) ఆయిల్ బావుల డ్రిల్లింగ్ కోసం ఆడించేవాళ్లకు ఈ ప్రశ్నతో పని లేదు. అక్కడ ముఖ్యం సాంద్రత (నీటికన్నా ఎన్ని రెట్ల బరువో) 4.2 వచ్చిందా లేదా అన్నది. రంగు ఎవరూ అడగరు, స్టీలు గుండ్లే చాలు. పెయింటుకు వెళ్లే తెల్లరాయి సంగతి వేరు. అరిగిన ఇనుము పొడిలో కలిస్తే తెలుపు చచ్చిపోతుంది. అనుమానముంటే పొడిని బకెట్ నీళ్లలో కలిపి, అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి తిప్పి చూడండి. కవరుకు నల్లటి నూగు అంటుకుంటే, ఇనుము ఎక్కడినుంచి వస్తోందో వెతకాల్సిందే.

ఇక సిరామిక్ గుండ్లలో ఏది మేలు? ధర ఎక్కువ కాబట్టి జిర్కోనియానే గట్టిదని చాలామంది అనుకుంటారు. 99 శాతం పైబడిన అల్యూమినా వికర్స్ గట్టిదనం (వజ్రపు మొన గుచ్చి కొలిచేది) 1500 దాటుతుంది, జిర్కోనియాది 1200-1300 దగ్గరే. మిల్లులకు ఎక్కువగా వాడే 92 శాతం అల్యూమినా ఇంకొంచెం మెత్తన. అయినా ముగ్గురాయి మోస్ స్కేలుపై (గీతకు తట్టుకునే గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచేది) 3-3.5 మాత్రమే కాబట్టి దానికి ఏదైనా సరిపోతుంది.

జిర్కోనియా అసలు బలం పగుళ్లను ఆపడంలో ఉంది. పగులుకు తట్టుకునే శక్తి అల్యూమినాకు 4 చుట్టూ ఉంటే, దీనికి 8-10 దాకా ఉంటుంది. ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలపడం వల్ల దాని సన్నని రేణువులు మామూలు వేడిలో ఉండకూడని స్ఫటిక రూపంలోనే నిలిచి ఉంటాయి. పగులు మొన దగ్గరికి రాగానే అవి రూపం మార్చుకుని 4-5 శాతం ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి పగులు మూసుకుంటుంది. ఎంత చక్కటి ఏర్పాటో! కానీ అదే దాని బలహీనత కూడా. తేమ, వేడి కలిసి చాలాకాలం పట్టి ఉంటే, ముఖ్యంగా 200-300 డిగ్రీల మధ్య, దెబ్బ తగలకపోయినా పైపొర రేణువులు మారిపోయి గరుకెక్కుతాయి.

మన మిల్లుల్లో అసలు లెక్క బరువుది. 92 శాతం అల్యూమినా సాంద్రత 3.6, జిర్కోనియాది 6, స్టీలుది 7.8. ఖాళీలు పోగా ఒక ఘనమీటరు గుండ్లు అల్యూమినావైతే దాదాపు 2.2 టన్నులు, జిర్కోనియావైతే 3.6 టన్నులు తూగుతాయి. కిలో ధరే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా అదే డ్రమ్ము నింపడానికి ఒకటిన్నర రెట్లకు పైగా కిలోలు కొనాలి. అల్యూమినా కోసం కట్టిన మిల్లులో జిర్కోనియా పోస్తే మోటారుకు, బేరింగులకు టెన్షనే.

అందుకే పొడిగా ఆడించే బాల్ మిల్లుకు నా ఓటు అల్యూమినాకే. స్టీలంత బరువు లేదు కాబట్టి గంటకు దిగుబడి తగ్గుతుంది, అది ముందే లెక్కేసుకోవాలి. ఒక మైక్రాన్ కిందికి సన్నటి పూసలతో తడిగా రుబ్బే బీడ్ మిల్లుకైతే జిర్కోనియానే. మిల్లీమీటరు పూసలో దెబ్బ పుట్టాలంటే ఆ బరువు ఉండాలి.

ఏది కొన్నా లైనింగ్ (డ్రమ్ము లోపలి గోడకు వేసే పొర) కూడా అదే షట్‌డౌన్‌లో మార్చండి. స్టీలు లైనింగ్ అలాగే ఉంచి సిరామిక్ గుండ్లు పోస్తే, అవి ఆ లైనింగ్‌నే గీకి పొడిలో ఇనుము కలుపుతాయి.