అద్దె పెంచమని ఏజెంట్ నుంచి ఫోన్ వచ్చిందా? ఓనర్‌తో మాట్లాడకుండా ఒప్పుకోకండి

అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్లు, ముఖ్యంగా ఓనర్‌కీ మీకూ మధ్య ఏజెంట్ ఉన్నవాళ్లు, ఇది ఒకసారి చదవండి. అగ్రిమెంట్ రెన్యువల్ టైములో నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నాను.

గడువు ఇంకా ఆరు వారాలుందనగా ఒక రాత్రి ఏజెంట్ ఫోన్ చేశాడు. "మేడం, ఓనర్ గారు 25 శాతం పెంచమంటున్నారు. కుదరకపోతే ఖాళీ చేయమంటున్నారు. ఆ రేటుకి ఇంకో పార్టీ రెడీగా ఉంది. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. మా బాబుకి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. ఆ పరిస్థితిలో ఇల్లు మారడమంటే తలుచుకోవడానికే భయం వేసింది. ఆ రాత్రంతా టెన్షన్‌తో మా ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు.

మర్నాడు బేరం మొదలైంది. నేను 5 అన్నాను. అతను 20కి దిగాడు. మళ్లీ మధ్యాహ్నం ఫోన్ చేసి, "మీ కోసం ఓనర్ గారితో గంటసేపు మాట్లాడాను మేడం, ఎలాగోలా 15కి ఒప్పించాను. బాత్రూమ్ గోడ చెమ్మ కూడా ఆయనే బాగు చేయిస్తానన్నారు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. థాంక్స్ మీద థాంక్స్ చెప్పాను. రెన్యువల్ ఫీజు కింద కొత్త అద్దెలో సగం అడిగితే అదే రోజు పంపేశాను. సాయంత్రం కాగితాలు తెచ్చాడు. అద్దె అంకె ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు, కింద సంతకం పెట్టేశాను.

రెండు నెలలైనా గోడ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చెమ్మ పాకి పాకి బెడ్‌రూమ్ వైపుకి వచ్చింది, అల్మారా వెనక పెయింట్ పొట్టులు పొట్టులుగా ఊడిపోతోంది. ఏజెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు. విసిగిపోయి నేరుగా ఓనర్‌కే చేద్దామని నంబర్ కోసం వెతికాను. పాత అగ్రిమెంట్ మొదటి పేజీలోనే ఉంది. ఇన్నాళ్లూ మా బీరువాలోనే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ ఆదివారం ఆయనా, ఆయన భార్యా వచ్చారు. మంచినీళ్లు ఇస్తుంటే ఆవిడ అన్నారు: "మేము 10 చాలనుకున్నాం. మీరే 15 ఇస్తామన్నారట కదమ్మా. గోడ పని కూడా మీరే చేయించుకుంటామన్నారని చెప్పాడు, మరి ఏమైంది?" నాకు నోట మాట రాలేదు. మావారు ఫోన్ తీసి ఏజెంట్ పంపిన మెసేజ్ చూపించారు. అందులో 25 శాతం అని ఉంది. ఓనర్ గారు దాన్ని రెండుసార్లు చదివి, "నేను 25 అని ఎప్పుడూ అనలేదండీ" అన్నారు. వాళ్లకొక మాట, మాకొక మాట చెప్పి ఇద్దరినీ నమ్మించాడు. అద్దె పెరిగితే అతని ఫీజు కూడా పెరుగుతుంది, దానికి తోడు ఓనర్ దగ్గర మంచి పేరు. మా తరఫున గంటసేపు మాట్లాడాడని నమ్మి థాంక్స్ చెప్పినందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

వాళ్లు వెళ్లాక కొత్త అగ్రిమెంట్ తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. సంతకం పెట్టే ముందు చేయాల్సిన పని అది. మూడో పేజీలో, నోటీసులు పంపాల్సిన అడ్రస్ గురించి రాసిన పేరా మధ్యలో ఒక వాక్యం ఉంది: ప్రతి 12 నెలలకు అద్దె 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. పాత అగ్రిమెంట్‌లో ఆ మాట లేదు. లెక్క వేసి చూడండి. ఇప్పుడు 100 ఉన్న అద్దె ఈ ఏడాది 115, వచ్చే ఏడాది 126.50, ఆ పై ఏడాది 139.15. "ఈ ఒక్కసారికే మేడం" అని అతను అన్న పెంపు మూడో ఏడాదికి 39 శాతం దాటుతుంది.

ఇంకోటి కూడా కనిపించింది. మేము కట్టేదాంట్లో మెయింటెనెన్స్ కలిసే ఉంటుంది. పెంపు వేసింది ఆ మొత్తం మీద. మెయింటెనెన్స్ పెరగనే లేదు. 100లో అద్దె 80, మెయింటెనెన్స్ 20 అనుకుంటే, 15 శాతం పెంపు 80 మీద పడితే 12 అవుతుంది. మొత్తం మీద వేశారు కాబట్టి 15 అయింది. అంటే అసలు అద్దె మీద పెరిగింది 18.75 శాతం. శాతం అన్న మాట వినగానే "దేని మీద?" అని అడగాలని నాకు అప్పటిదాకా తెలియదు.

లాక్-ఇన్, అంటే గడువుకి ముందే ఖాళీ చేయకూడదన్న షరతు కూడా నాకు మాత్రమే పెట్టాడు. నేను ఏడాదిలోపు వెళ్తే రెండు నెలల అద్దె వదులుకోవాలి. ఓనర్ మాత్రం ఒక నెల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు.

"ఇంకో పార్టీ రెడీగా ఉంది" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే నన్ను లొంగదీసింది ఆ మాటే. ఆ నెలంతా మా ఇల్లు చూడటానికి ఒక్కరూ రాలేదు. గడప తొక్కకుండా, నీళ్లు ఎలా వస్తాయో అడగకుండా, ఎవరైనా 25 శాతం ఎక్కువకి ఒప్పుకుంటారా? ఆ రాత్రి నాకు ఈ ప్రశ్న తట్టలేదు. ఇల్లు ఖాళీ అయితే నష్టం ఓనర్‌కి కూడా ఉంటుంది. నేను 10 శాతం పెంపుతో ఉండిపోవడం, కొత్తవాళ్లు 15కి రావడం, ఈ రెండూ పోల్చి చూడండి. మధ్యలో ఇల్లు 16 రోజులు ఖాళీగా ఉంటే చాలు, ఆ ఏడాదికి ఓనర్‌కి మిగిలేదేమీ ఉండదు. రంగులకీ రిపేర్లకీ అయ్యే ఖర్చు దీనికి అదనం. టైముకి అద్దె కట్టే పాత అద్దెదారు విలువ ఓనర్లకి తెలుసు. ఏజెంట్‌కి మాత్రం కొత్త అగ్రిమెంట్ రాస్తేనే ఫీజు.

మీకూ ఇలాంటి ఫోన్ వస్తే, ఫోన్‌లో ఏ అంకెకీ ఊ కొట్టకండి. "సరే, మెసేజ్‌లో పెట్టండి, ఓనర్ గారిని కూడా అందులో కలపండి" అనండి. నిజంగా ఓనర్ అడిగిందే అయితే ఏజెంట్‌కి దానికి అభ్యంతరం ఉండదు. రేపటికల్లా చెప్పాలంటే, మీ అగ్రిమెంట్‌లో నోటీసు గడువు ఎంత రాసుందో ముందు చూసుకోండి. గడువు అక్కడ ఉన్నదే, అతను నోటితో చెప్పింది కాదు. ఇంటర్నెట్ ప్రకటనల్లో కనిపించే అద్దెలు చూసి బెదిరిపోకండి, అవి అడిగే రేట్లు. మీ చుట్టుపక్కల ఈ మధ్య దిగినవాళ్లు ఎంతకి దిగారో కనుక్కుంటే అసలు రేటు తెలుస్తుంది. డ్రాఫ్ట్ చేతికి రాకుండా, పాతదాన్ని పక్కన పెట్టుకుని పేరా పేరా సరిచూడకుండా ఫీజు కట్టొద్దు. రిపేరు చేయిస్తామంటే ఏ పని, ఏ తేదీలోపు అన్నది కాగితం మీద ఉండాలి. బేరంలో మీ దగ్గర ఇవ్వడానికి ఏముందో కూడా ఆలోచించుకోండి. రెండేళ్లు ఉంటామని రాసిస్తే పెంపు తగ్గించుకునే ఓనర్లు ఉంటారు.

మా విషయానికొస్తే, ఓనర్ గారు అద్దెని 10 శాతం పెంపుకే తగ్గించారు, అదీ మెయింటెనెన్స్ తీసేసి. దానంతట అదే పెరిగే వాక్యాన్నీ, లాక్-ఇన్‌నీ కొట్టేసి పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం. రెండు నెలలు ఎక్కువ కట్టింది తర్వాతి అద్దెలో సర్దారు. గోడ పని మొన్న మొదలైంది. ఏజెంట్‌కి కట్టిన ఫీజు మాత్రం తిరిగి రాలేదు. రసీదు ఇవ్వమని నాలుగుసార్లు మెసేజ్ పెట్టాను, చూసి ఊరుకుంటున్నాడు. అతని మెసేజ్‌లు, ఫీజు పంపిన వివరాలు అన్నీ దాచిపెట్టాను, ఫిర్యాదు రాస్తున్నాను. మీరు కూడా అలాంటి మెసేజ్‌లు చెరిపేయకండి.