దంతవైద్యం చదువు: ఐదేళ్లు చదివి, పన్నెండేళ్లు దానిమీద బతికాక

దంతవైద్య పట్టా చేతికొచ్చి పన్నెండేళ్లు దాటింది. ఈ చదువు ఎలా ఉంటుందని అడిగినవారికి చివరి ఏడాది విద్యార్థిగా నేను చెప్పిన జవాబుకూ ఇప్పుడు చెప్పే జవాబుకూ పొంతన ఉండదు. అప్పట్లో విసుగు పుట్టించిన ల్యాబ్ పనులే ఇప్పుడు రోజూ అక్కరకొస్తున్నాయి. అప్పట్లో గర్వంగా లెక్కపెట్టుకున్న చికిత్సల కోటాలే ఈ చదువులోని పెద్ద లోపంగా కనిపిస్తున్నాయి. కోర్సు ముగిసిన వారానికే రాసి ఉంటే ఈ సమీక్ష పూర్తిగా తలకిందులుగా ఉండేది.

దేశాన్ని బట్టి ఐదారేళ్లు పట్టే ఈ కోర్సులో చేరేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: తొలి రెండేళ్లలో పంటికంటె ఒంటి గురించే ఎక్కువ చదవవలసి ఉంటుంది. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఆ తర్వాత పాథాలజీ, ఫార్మకాలజీ. పళ్లు బాగుచేయడానికి వచ్చినవాడికి ఇదంతా ఎందుకని నేనూ గొణుక్కున్నాను. కపాల నాడుల్లో ఐదోదైన ట్రైజెమినల్ నాడి శాఖలను పరీక్ష కోసం వల్లె వేశానే తప్ప, అవి ఒక మనిషి ముఖంలో ఎక్కడ ఉంటాయో నిజంగా తెలిసింది తొలి ఇంజెక్షన్ నాడే. కింది దవడ ఎముక మందంగా ఉంటుంది కనుక, వెనక పళ్లకు వాటి పక్కనే మొద్దుబరిచే మందు వదిలితే లోపలికి సరిగా ఇంకదు. నాడి ఎముకలోకి దూరకముందే, దవడ లోపలి వైపున దాన్ని పట్టుకోవాలి. సూది మొన ఎముకను తాకాక రవ్వంత వెనక్కి తీసి, సిరంజిలోకి రక్తం రావడం లేదని చూసుకుని, మందును నిదానంగా వదలాలి. మేము మొదట ఒకరి నోట్లో ఒకరం నేర్చుకున్నాం. నా సూది లోతు చాలక, తోటి విద్యార్థికి పెదవి మామూలుగానే ఉండి నాలుక మాత్రం సగం మొద్దుబారింది, ఎందుకంటే నాలుకకు వెళ్లే నాడి, కింది పళ్లకు వెళ్లే నాడికి కాస్త ముందే ఉంటుంది. పుస్తకంలో ఆ రెండు నాడుల బొమ్మ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ మధ్యాహ్నం తర్వాత మరెప్పుడూ ఆ బొమ్మతో పని పడలేదు. తరువాతి వంతు అతనిది, నోరు తెరిచి కూర్చోవలసింది నేను.

ఈ చదువులో అన్నిటికంటె విలువైన భాగం ప్రీక్లినికల్ ల్యాబ్, అంటే రోగులను ముట్టకముందు చేయించే సాధన అని ఇప్పుడు నిస్సందేహంగా చెప్పగలను. మొదట మైనపు దిమ్మలనుంచి పళ్లు చెక్కిస్తారు. పై దవడ మొదటి పెద్ద దవడపన్ను నాలుగు కొనలూ, వాటి మధ్య పల్లాలూ, ఏటవాలుగా సాగే గట్టూ దిద్దేసరికి వారాలు పట్టింది, దిద్దిన వాటిలో సగం కత్తి జారి విరిగిపోయాయి. ఆ తర్వాత ఫాంటమ్ హెడ్. ఇనుప కడ్డీకి బిగించిన ఆ తలలో ప్లాస్టిక్ పళ్లు, రబ్బరు బుగ్గలు ఉంటాయి. అది నొప్పని అనదు, ఉమ్మదు, నాలుక అడ్డం పెట్టదు; అయినా దాని ముందు కూర్చున్న తొలి నెలలో నా చొక్కా వీపున చెమటతో తడవని రోజు లేదు.

అసలు కష్టం అద్దంలో చూసి పని చేయడం. పైపళ్ల కొరికే వైపును నేరుగా చూడాలంటే వైద్యుడు మెడను విరుచుకోవాలి, అందుకే చిన్న గుండ్రటి అద్దంలో పడిన ప్రతిబింబాన్ని చూస్తూ చేయి నడపాలి. ప్రతిబింబంలో ముందువెనకలు తారుమారవుతాయి. చేయి నోటి లోపలికి పోతుంటే అద్దంలో బయటికి వస్తున్నట్టుంటుంది. పంటిని చెక్కే ఎయిర్ రోటర్ నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరుగుతూ నీటిని చిమ్ముతుంది, ఆ నీరు అద్దం మీదే పడుతుంది, అంటే చూడవలసిన ఆ ఒక్క కిటికీ కూడా మసకబారుతుంది. అద్దాన్ని కాస్త దూరంగా, కాస్త వాలుగా పట్టుకోవాలని మాటల్లో ఎవరైనా చెబుతారు. అది చేతికి రావడానికి నాకు దాదాపు ఒక సెమిస్టర్ పట్టింది, వచ్చిన రోజు ఏదో నాకు తెలియనే లేదు.

రెండు పళ్లు ఆనుకున్న చోట పుచ్చును తీయడం నేర్పేటప్పుడు అధ్యాపకులు మేము చెక్కిన పన్నును మొదట చూసేవారు కాదు. ప్రోబ్ అనే సన్నటి మొన ఉన్న పరికరాన్ని దాని పక్క పంటి మీద నెమ్మదిగా నడిపేవారు. అది ఎక్కడైనా తట్టుకుంటే అంతే, చెక్కిన గుంట ఎంత అందంగా ఉన్నా మళ్లీ మొదటినుంచి చేయాలి, ఎందుకంటే బర్ (రోటర్‌కు తగిలించే చెక్కుడు ముక్క) గీసిన ఆ గీత నిజమైన నోట్లో రేపటి పుచ్చుకు చోటు. నాకు మూడుసార్లు తట్టుకుంది. నాలుగోసారి, పక్క పంటికి పలచటి ఉక్కు పట్టీ అడ్డం పెట్టుకోవాలన్న బుద్ధి పుట్టింది. ఆ పట్టీ మొదటి రోజునుంచీ నా ట్రేలోనే ఉంది.

తర్వాత పీకేసిన నిజమైన పళ్ల మీద చేయిస్తారు, అప్పుడు చేతికి మరో సంగతి తెలుస్తుంది. పంటి పైపొర ఎనామిల్ బరువులో 96 శాతం ఖనిజమే, దాని కింది పొర డెంటిన్‌లో అది 70 శాతం దగ్గర ఉంటుంది. ఒకదాన్ని దాటి మరొకదానిలోకి అడుగుపెట్టగానే బర్ మోత మారుతుంది, వేలికి ఆనే బిగువు తగ్గుతుంది. ఈ తేడా ప్లాస్టిక్ పళ్లలో దొరకదు. కేవలం కంప్యూటర్ సిమ్యులేటర్లను గొప్పగా చూపించే కళాశాలలో చేరేముందు, నిజమైన పళ్ల మీద ఎన్ని గంటలు చేయిస్తారో అడగడం మంచిది.

ఇక క్లినికల్ ఏళ్లు. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని రూట్ కెనాళ్లు, ఇన్ని పళ్ల పీకివేతలు, ఇన్ని పూర్తి పళ్ల సెట్లు అని కోటా ఉంటుంది, ఒక్కో దశకు ఒక్కో సంతకం. నిర్ణీత సంఖ్య లేకపోతే కొందరు విద్యార్థులు అసలు పనిలోకి దిగరు, కనుక కోటాను పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ నేను చదివిన చోట అది లెక్కపెట్టింది ముగిసిన పనిని మాత్రమే. నేను వేసిన ఫిల్లింగు ఆరు నెలల తర్వాత ఎలా ఉందో చూపించమని ఐదేళ్లలో ఎవరూ అడగలేదు. ఒక కింది దవడపన్ను సన్నటి వేరు నాళంలో, దాన్ని శుభ్రం చేసే సూదిలాంటి నా ఫైలు మొన విరిగి ఉండిపోయింది. ఆ రోగికి విషయం చెప్పి, సీనియర్ సహాయంతో మిగతా నాళాలను శుభ్రం చేసి నింపాం, సంతకం పడింది, నా లెక్కలో ఒకటి పెరిగింది. ఆ పన్ను ఇప్పుడుందో లేదో నాకు తెలియదు.

దీనివల్ల ఇంకో చెడు జరుగుతుంది. నోటిలో ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 5.5 కంటె కిందికి దిగినప్పుడు ఎనామిల్ కరగడం మొదలవుతుందనీ, తెల్లమచ్చ దశలో ఉన్న పుచ్చును ఫ్లోరైడుతో, శుభ్రతతో ఆపవచ్చనీ తరగతిలో చెప్పారు. అదే రోజు మధ్యాహ్నం క్లినిక్‌లో అటువంటి మచ్చ కనిపిస్తే, దాన్ని చెక్కితే కోటాలో ఒకటి తగ్గుతుంది, చెక్కకుండా సలహా చెప్పి పంపితే ఏమీ తగ్గదు. మైకేల్ బ్యునోకోర్ అనే దంతవైద్య పరిశోధకుడు 1955లో ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేసి రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) అతికించే దారి చూపాక, ఫిల్లింగు నిలవడం కోసమని ఆరోగ్యమైన పంటిని పెట్టెలా చెక్కే అవసరం బాగా తగ్గింది. మా ప్రాక్టికల్ పరీక్షలో మాత్రం మార్కులు ఆ పెట్టె గోడల తీరుకే పడేవి. చెక్కకుండా ఉండడాన్ని నేను పట్టా వచ్చాకే, అదీ రెండు మూడేళ్లకు, నేర్చుకున్నాను.

మిగతా విభాగాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఓరల్ పాథాలజీ స్లయిడ్లు కష్టపడి చదివితే గుర్తుంటాయి, పళ్ల వరస సరిచేసే విద్య ఈ స్థాయిలో పరిచయానికే పరిమితం. పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ పొడిని నీటిలో కలపడం మాత్రం తక్కువగా అంచనా వేయకూడదు. నీరు కాస్త వెచ్చనైతే ట్రే నోట్లోకి వెళ్లేలోపే గిన్నెలో గడ్డకడుతుంది. మెడ, నడుము సంగతి ఎవరూ సమయానికి హెచ్చరించరు. రెండో ఏడాదిలో కుర్చీ ఎత్తు సరిచేసుకోనివారికి ముప్పై ఐదేళ్లకే నొప్పి మొదలవుతుంది, ఆ జాబితాలో నేనూ ఉన్నాను. కళ్లకు పెట్టుకునే భూతద్దాలు, అంటే లూప్స్, చివరి ఏడాదిలో కొన్నాను, మొదటి ఏడాదిలోనే కొనవలసింది.

చేతిపని అంటే ఇష్టముండి, ఒకే పనిని నాలుగోసారి చేయమన్నా తిట్టుకుంటూనైనా చేయగలిగినవారికి ఈ చదువు సరిపోతుంది. వైద్యంలో సీటు రాక ఇటు వచ్చేవారు మూడో ఏడాదికల్లా బాగా అలసిపోవడం చూశాను.

మొన్న ఒకావిడ పన్ను చూపించుకోవడానికి వచ్చి, పక్కనున్న ఫిల్లింగును వేలితో చూపిస్తూ, ఇది మీరు చదువుకునే రోజుల్లో వేసిందేనన్నారు. అద్దం పెట్టి చూశాను. పల్లాలు ఉండవలసిన దానికంటె లోతు తక్కువగా ఉన్నాయి, బుగ్గ వైపు అంచున వెంట్రుకంత గోధుమరంగు గీత ఉంది. ప్రోబ్ దానిలో తట్టుకోలేదు, ఎక్స్‌రేలో కింద పుచ్చు లేదు. అంచును పాలిష్ చేసి, ఫిల్లింగును తీయకుండా వదిలేసి, ఏడాది తర్వాత మళ్లీ చూపించమని కార్డు మీద రాసి ఇచ్చాను.