ముల్లు తిప్పుతూ ఇరవై నాలుగేళ్లు: బెంగళూరు రేడియోలో రాక్ పాట

ముందే చెప్పేస్తాను. బెంగళూరులో రాక్ పాటల కోసమే రేడియో కొనాలనుకుంటే కొనకండి. 2001 నుంచి వింటున్నవాడిగా చెబుతున్నాను. మూడు సెట్లు, రెండు నోకియా ఫోన్లు, ఒక శాటిలైట్ డబ్బా, కారులో స్టీరియో, అన్నీ వాడాను. ఇందులో డబ్బు వృథా అయిందని మాత్రం అనను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మాది హిందూపురం. మా ఇంట్లో రేడియో అంటే నాన్నదే, మేము ముట్టుకుంటే ఒప్పుకునేవాడు కాదు. మధ్యాహ్నం షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ తెలుగు పాటలు, వాటి మధ్యలో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు. సాయంత్రమైతే మీడియం వేవ్ 612 మీద బెంగళూరు ఆకాశవాణి. ఇంగ్లీష్ పాట అనేది ఒకటి ఉందని తెలుసు గానీ, కూర్చుని విన్నది లేదు.

2001 ఆగస్టులో బెంగళూరులోని పీణ్యా పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో చేరాను. అంతకు సరిగ్గా నెల ముందు, జులై 3న, రేడియో సిటీ మొదలైంది. దేశంలోనే మొదటి ప్రైవేటు ఎఫ్ఎం అది. మా షాపులో టూల్స్ బీరువా మీద ఒక పాత సెట్ ఉండేది. నైట్ షిఫ్టులో పదకొండు మందిమి: నలుగురు కన్నడవాళ్లు, నలుగురు తమిళులు, ముగ్గురం తెలుగువాళ్లం. ఎవరి పాట పెట్టినా మిగతా వాళ్లు మూతి ముడిచేవాళ్లు. ఒకసారి గొడవ ముదిరి స్పానర్లు లేచాక మా ఫోర్‌మన్ తీర్పు చెప్పాడు: "ఎవరి భాషా వద్దు, ఇంగ్లీష్ వస్తే ఇంగ్లీష్ పెట్టండి." అప్పట్లో ఆ స్టేషన్ కన్నడ, హిందీ, ఇంగ్లీష్ మూడూ కలిపి వేసేది. రాత్రిపూట మా చెవిన పడ్డవి ఎక్కువగా ఇంగ్లీష్ పాటలే. ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి అందరికీ సమ్మతమైంది.

లేత్ రొద మీదుగా వినపడే పాట కావాలంటే డ్రమ్స్, గిటార్ గట్టిగా ఉండాలి. నాకు రాక్ అలా అంటుకుంది. మదనపల్లె నుంచి వచ్చిన మా రూమ్మేట్ మాత్రం "ఏందప్పా ఈ అరుపులు, కడుపునొప్పి వచ్చినోడి మాదిరి" అనేవాడు. 2003 ఏప్రిల్‌లో ప్యాలెస్ గ్రౌండ్స్ మైదానానికి రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ వచ్చినప్పుడు వాడే నాతో పాటు గోడ బయట వానలో తడుస్తూ నిలబడ్డాడు. టికెట్‌కి డబ్బుల్లేవు. వాన చప్పుడులో సగం పాటలు కలిసిపోయాయి. "నీ రేడియోలోనే బాగుందప్పా" అన్నాడు తిరిగొస్తూ. ఆ ముక్కలో కొంత నిజముంది.

కొంత మాత్రమే. ఎఫ్ఎంలో రాక్ వినడంలో ఒక చిక్కుంది. ఇది ఏ ఒక్క స్టేషన్ తప్పూ కాదు. కారులో, రోడ్డు మీద చప్పుడులోనూ వినపడాలని స్టేషన్లు పాటలోని మెల్లని భాగాన్ని పెంచి, గట్టి భాగాన్ని తగ్గించి, రెండింటినీ ఒకే మట్టానికి తెస్తాయి. సినిమా పాటకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. రాక్ పాటలో సగం మజా మెల్లగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడటంలోనే ఉంటుంది. రేడియోలో ఆ విరుచుకుపడటం ఉండదు, మొదటి నుంచీ ఒకటే మోత. రెండో చిక్కు నిడివి. ఏడెనిమిది నిమిషాల పాట వేస్తే ప్రకటనలకి చోటెక్కడిది? అందుకని గిటార్ సోలో, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే భాగం, రాగానే పాట గొంతు నొక్కేసి ఆర్జే మాట్లాడటం మొదలుపెడతారు. నేను ఇప్పటికీ కొన్ని పాటల సోలోలు పూర్తిగా విన్నప్పుడు "ఇది ఇంతుందా!" అనుకుంటాను.

ఇక ఆ మూడు భాషల కలగలుపు ఎందుకు పోయిందంటే, లెక్కల వల్ల. ప్రైవేటు ఎఫ్ఎంలకి ఇచ్చిన మొదటి విడత లైసెన్సుల్లో ఆదాయం వచ్చినా రాకపోయినా స్టేషన్లు స్థిరమైన ఫీజు కట్టాలి, అది ఏటా 15 శాతం పెరుగుతుంది. 2005లో పద్ధతి మారింది: ప్రవేశ రుసుము ఒకసారి కట్టి, ఆ తర్వాత ఆదాయంలో 4 శాతం ఇస్తే చాలు. దాంతో 2006 నుంచి ఊళ్లో స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి. మిర్చి 98.3 "సఖత్ హాట్ మగా" అంటూ నేరుగా కన్నడంలోకి వచ్చింది. ఆ ఏడాది చివర్లో వాన పాటల కన్నడ సినిమా ఒకటి వచ్చి ఊరంతా ఊగిపోయింది. చిక్కపేటలో పట్టుచీరల కొట్టువాడు ప్రకటన ఇచ్చేది కన్నడం వినేవాళ్ల కోసమే కదా. రేడియో సిటీ కూడా మెల్లగా కన్నడం వైపే మళ్లింది. నాకు బాధేసింది గానీ తప్పు పట్టలేను. కన్నడిగుల ఊళ్లో రేడియో కన్నడం మాట్లాడటంలో వింతేముంది? పైగా నా హిందూపురం కన్నడం చక్కబడింది ఆ ఆర్జేల పుణ్యమే.

అదే 2006లో ఇంగ్లీష్ పాటలకే ప్రత్యేకంగా రేడియో ఇండిగో 91.9 వచ్చింది. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేను ఈసారి గోడ లోపలే ఉన్నాను, జీతం పెరిగింది మరి. ఆ రోజుల్లో వోల్వో బస్సులో కూడా ఎఫ్ఎం మోగేది. నల్ల టీషర్టుల కుర్రాళ్లు బస్సు నిండా ఎక్కి, రేడియోలో గిటార్ మోగితే డ్రైవర్‌ని సౌండ్ పెంచమని బతిమాలడం నా కళ్లతో చూశాను. అయినా ఇంగ్లీష్ స్టేషన్ అంటే రాక్ స్టేషన్ కాదు. పాప్, డాన్స్ పాటలు వినేవాళ్లే ఎక్కువ, రాక్ అక్కడ కూడా అతిథే. ఎప్పుడొస్తుందో తెలియని అతిథి.

ఇన్నేళ్లలో రాక్‌కి రోజంతా సొంత ఇల్లు నాకు ఒక్కచోటే దొరికింది, అదీ ఎఫ్ఎంలో కాదు. వరల్డ్‌స్పేస్ శాటిలైట్ రేడియో. భారత్‌లో దాని ఆఫీసు బెంగళూరులోనే ఉండేది. ఏఆర్ రెహమాన్ ప్రచారం చేశాడు. పెళ్లయిన కొత్తలో, 2006లో, బీపీఎల్ సెట్ ఒకటి కొన్నాను. ఇంట్లో చెప్పిన కారణం తెలుగు చానల్ 'స్పందన'. అసలు కారణం 'ఆర్బిట్ రాక్'. ఇరవై నాలుగు గంటలూ రాకే, మధ్యలో నగల కొట్టు ప్రకటనలు లేవు, సోలో మీద ఎవరూ మాట్లాడరు.

వాడకం గురించి రెండు మాటలు. పుస్తకమంత యాంటెన్నాని ఆసియాస్టార్ ఉపగ్రహం వైపు, అంటే మన ఊరినుంచి తూర్పు-ఆగ్నేయం వైపు, పెట్టాలి. మధ్యలో గోడ గానీ చెట్టు గానీ అడ్డు ఉండకూడదు. మా బాల్కనీ పడమరకి. అందుకని వంటింటి కిటికీ గ్రిల్‌కి యాంటెన్నా కట్టి, హాల్లోకి వైరు లాగాను. పాటలు అద్దంలా స్పష్టంగా వచ్చేవి. సమస్యల్లా ఒకటే: సెట్ ఒకటి, మనుషులం ఇద్దరం. పొద్దున ఘంటసాల, రాత్రి నా గిటార్లు అని ఒప్పందం. ఆదివారాలకి ఒప్పందం కుదరలేదు, ఆ రోజు వంట ఎవరు చేస్తే వాళ్ల చానల్. నేను ఉప్మా, నిమ్మకాయ పులిహోర, బీరకాయ పచ్చడి నేర్చుకున్నది అందుకే.

2008లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబర్ 31తో భారత్‌లో ప్రసారాలు ఆగిపోయాయి. జనవరి 1న పొద్దున సెట్ ఆన్ చేసి కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. నాకంటే మా ఆవిడే ఎక్కువ బాధపడింది. ఈ ఊళ్లో తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నా, రోజంతా తెలుగు పాటలు వేసే రేడియో ఆ తర్వాత మాకు దొరకలేదు.

తర్వాతి పదిహేనేళ్లు త్వరగా చెప్పేస్తాను. కొన్నాళ్లు ఫోన్‌లో ఎఫ్ఎం విన్నాను, ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా. కొత్త ఫోన్లలో ఆ సౌకర్యం మాయమవుతూ వచ్చింది. ఫోన్లలో ఎఫ్ఎం ఉండేలా చూడమని 2023లో కేంద్రం తయారీదారులకి సూచించింది గానీ, నా ఫోన్‌లో మాత్రం ఇప్పటికీ లేదు. ఒక స్టేషన్‌లో గంటకోసారి అదే పాట వస్తుంటే విసుగెత్తి కారు స్టీరియోలో ఆ నంబరే తీసేశాను. యాప్‌లో ఇప్పుడు ఏ పాట కావాలన్నా, సోలోతో సహా, ఉంది. కానీ నేను వెతికేది నాకు తెలిసిన పాటనే. ఆర్జే పుణ్యాన తెలియని బ్యాండ్ తగిలి, సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కుని ఆ పేరు చేతి మీద పెన్నుతో రాసుకున్న రోజులు యాప్‌లో రాలేదు.

ఇప్పుడు ఇంట్లో రేడియో మోగేది పొద్దున ఆరింటికి, ఆకాశవాణి అమృతవర్షిణి 100.1. రోజంతా శాస్త్రీయ సంగీతం. మా అత్తగారి కోసం పెట్టడం మొదలైంది, ఇప్పుడు నాకూ అలవాటైంది. మృదంగం తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం సోలో, వచ్చినప్పుడు ఎవరూ మధ్యలో గొంతు దూర్చరు, పూర్తిగా విననిస్తారు. ఇంత చిన్న కోరిక తీరడానికి ఇరవై నాలుగేళ్లు తిరిగి ఆకాశవాణికే రావాల్సి వచ్చింది. బెంగళూరులో రేడియో కొనాలంటే దీని కోసం కొనండి, చవకది చాలు.

వరల్డ్‌స్పేస్ యాంటెన్నా ఇంకా వంటింటి గ్రిల్‌కే ఉంది. విప్పుదామంటే మా ఆవిడ వద్దంటోంది. అది గాలికి కదులుతుంటే పావురాలు బెదిరి లోపలికి రావట.